బైబిలులో 66 పుస్తకాలా, 73 పుస్తకాలా? కనిపించని వచనాల సంగతేమిటి?

క్లుప్తంగా: కతోలికుల బైబిలులో 73 పుస్తకాలు, ప్రొటెస్టంట్ల బైబిలులో 66 పుస్తకాలు ఉన్నాయి. క్రీస్తుకు ముందే యూదులు రెండు భాషల్లో వాడుకున్న రెండు గ్రంథ సంపుటాల దగ్గర ఈ తేడా మొదలైంది. కొత్త అనువాదాల్లో కొన్ని వచనాలు లేకపోవడానికి కారణం వేరు. అది రాతప్రతులకు, 1551లో వేసిన వచన సంఖ్యలకు సంబంధించిన విషయం. రెండింటినీ ఒకే గాటన కట్టి "తీసేశారు" అనో "కలిపేశారు" అనో తేల్చేస్తే ఏ ప్రశ్నకూ సరైన జవాబు దొరకదు.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో కతోలిక కుటుంబాలకు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టు, పెంతెకొస్తు కుటుంబాలతో వియ్యం కొత్త కాదు. గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కేథడ్రల్‌లోనో, సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బసిలికాలోనో అలాంటి పెళ్లి జరిగేటప్పుడు మొదటి పఠనంగా తోబితు గ్రంథం ఎనిమిదో అధ్యాయాన్ని చదివే అవకాశం ఉంది, ఎందుకంటే కతోలిక వివాహ పూజకు నిర్ణయించిన పఠనాల్లో అదొకటి. పెళ్లి రాత్రి తోబియా, సారా పడక దిగి నిలబడి, తమను కలిసి వృద్ధాప్యం వరకు బతకనివ్వమని దేవుణ్ని వేడుకునే ఘట్టం అది. వింటున్న అవతలి పక్షం బంధువులు ఫోన్‌లోని తెలుగు బైబిలు తెరిచి వెతికితే అందులో నెహెమ్యా తర్వాత ఎస్తేరు వస్తుంది, తోబితు రాదు. పూజ ముగిసి భోజనాల దగ్గరికి చేరేసరికి "ఇది మన బైబిలులో లేదే" అన్న మాట ఎవరో ఒకరు అంటారు.

రెండో ప్రశ్న మరో దారిలో వస్తుంది. ఆంగ్ల మాధ్యమంలో చదువుకున్న పిల్లలు ఒకే అధ్యాయాన్ని 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలోనూ ఇప్పటి అనువాదంలోనూ పక్కపక్కన చూసినప్పుడు అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో 36 తర్వాత నేరుగా 38 కనిపిస్తుంది. మత్తయి 17:21, 18:11 వచనాలదీ అదే పరిస్థితి. సంఘంలో అడిగితే "కొత్త అనువాదాలు వాక్యాన్ని తీసేశాయి" అనే హెచ్చరిక వినిపిస్తుంది. మతాల మధ్య జరిగే చర్చల్లో ఇదే అంశం "బైబిలు మారిపోయింది" అనే వాదనకు ఆధారమవుతుంది. రెండు మాటలూ జరిగినదాన్ని సరిగా వివరించవు.

రెండు సంపుటాలు ఎలా ఏర్పడ్డాయి

క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నుంచి ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో స్థిరపడిన యూదులు తమ లేఖనాలను గ్రీకులోకి అనువదించుకున్నారు. సెప్టువజింట్ అని పేరొచ్చిన ఈ అనువాదం ధర్మశాస్త్రంతో మొదలై, తరాల తరబడి ఒక్కో గ్రంథంగా పెరిగింది. తోబితు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుని జ్ఞానగ్రంథం, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథాలు, ఎస్తేరు, దానియేలు గ్రంథాల్లోని అదనపు భాగాలు ఈ గ్రీకు సంపుటంతో పాటే క్రైస్తవుల చేతికి వచ్చాయి. యూదుల హీబ్రూ సంపుటంలో మాత్రం ఇవి చేరలేదు. అందులోని గ్రంథాలను యూదులు 24గా లెక్కిస్తారు. సమూయేలు, రాజులు, దినవృత్తాంతములు వంటి వాటిని రెండేసిగా, పన్నెండుమంది చిన్న ప్రవక్తలను విడివిడిగా లెక్కపెడితే అవే 39 అవుతాయి. అంటే యూదుల 24కూ ప్రొటెస్టంట్ పాత నిబంధనలోని 39కీ విషయంలో తేడా లేదు, లెక్కలోనే తేడా.

తొలి క్రైస్తవ సంఘాల్లో అత్యధికులు గ్రీకు మాట్లాడేవారు కనుక వారి పాత నిబంధన సెప్టువజింటే. అయితే ఏ గ్రంథాలకు ఎంత అధికారం ఉందన్న విషయంలో మొదటి నాలుగు శతాబ్దాల్లో ఏకాభిప్రాయం లేదు. కొత్త నిబంధనలోని 27 గ్రంథాలనూ ఇప్పుడున్నట్టే పేర్కొన్న తొలి జాబితా అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియసు 367లో రాసిన పాస్కా (ఈస్టరు) లేఖలో దొరుకుతుంది. అదే లేఖలో ఆయన బారూకును యిర్మీయాతో కలిపి ప్రామాణిక గ్రంథాల్లో చేర్చాడు. ఎస్తేరును మాత్రం తోబితు, యూదితు, జ్ఞానగ్రంథాల పక్కన, కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవారు చదవదగిన పుస్తకాల వరుసలో పెట్టాడు. నేటి కతోలిక జాబితాతోగానీ ప్రొటెస్టంట్ జాబితాతోగానీ ఆయన పాత నిబంధన సరిపోలదు. "ఆదినుంచీ ఇంతే" అని ఏ పక్షం చెప్పినా ఈ ఒక్క లేఖ దగ్గరే మాట ఆగిపోతుంది.

ఆ తరువాతి తరంలో ఇద్దరు పెద్దలు విభేదించారు. లాటిన్ బైబిలును సిద్ధం చేసిన జెరోము హీబ్రూ మూలాన్నే ప్రమాణంగా ఎంచి, హీబ్రూ సంపుటంలో లేని గ్రంథాలను వేరుగా ఉంచాలన్నాడు. సంఘాలు ఏళ్ల తరబడి ఆరాధనలో చదువుతున్నవాటిని విడదీయకూడదని అగస్టీను భావించాడు. ఉత్తర ఆఫ్రికాలో 393లో హిప్పోలోను, 397లో కార్తేజిలోను కూడిన సభలు అగస్టీను వైపే మొగ్గాయి. జెరోము అభ్యంతరం మాత్రం చెరిగిపోలేదు. అది వెయ్యేళ్లకు పైగా పండితుల మధ్య బతికే ఉంది.

ఎవరు తీశారు, ఎవరు కలిపారు

"లూథరు ఏడు పుస్తకాలను తీసేశాడు" అనేది కతోలికుల్లో తరచు వినిపించే మాట. కానీ ప్రొటెస్టంట్ సంస్కరణకు ఆద్యుడైన మార్టిన్ లూథరు 1534లో వెలువరించిన జర్మన్ బైబిలులో ఆ గ్రంథాలు ఉన్నాయి. వాటిని రెండు నిబంధనల మధ్య ఒక విడి విభాగంగా ఉంచి, ఇవి పరిశుద్ధ లేఖనాలతో సమానం కాకపోయినా చదవడానికి ప్రయోజనకరమైనవి, మంచివి అని ఆయన శీర్షికలో రాశాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు కూడా వాటితోనే అచ్చయింది. నేటి సీఎస్ఐకి పూర్వరూపాల్లో ఒకటైన ఆంగ్లికన్ సంఘం తన 39 సూత్రాల్లో ఆరో సూత్రం కింద, ఈ గ్రంథాలను జీవితానికి మాదిరిగా, మంచి నడవడికి ఉపదేశంగా చదవవచ్చు గాని వాటి మీద ఏ సిద్ధాంతాన్నీ నిలపకూడదని నియమం పెట్టుకుంది.

"ట్రెంటు సభ 1546లో ఏడు పుస్తకాలను కలిపింది" అనేది దీనికి ప్రతిగా ప్రొటెస్టంట్లు చెప్పే మాట. హిప్పో, కార్తేజి జాబితాల్లోనూ, 1442 నాటి ఫ్లోరెన్సు సభ జాబితాలోనూ ఆ గ్రంథాలు ముందే ఉన్నాయి కనుక ఈ మాట కూడా నిలవదు. కతోలిక సంఘ మహాసభ అయిన ట్రెంటు చేసిన కొత్త పని వేరే. అప్పటిదాకా జెరోము పక్షాన మాట్లాడే స్వేచ్ఛ కతోలిక పండితులకు ఉండేది, లూథరును విచారించిన కార్డినల్ కయెటాను సైతం జెరోమునే అనుసరించాడు. 1546 ఏప్రిల్ 8 నాటి తీర్మానం ఆ తలుపు మూసి, ఆ జాబితాను అంగీకరించనివారిని సంఘ బహిష్కృతులుగా ప్రకటించింది. అటు ప్రొటెస్టంట్లలో కూడా గీత క్రమంగానే గట్టిపడింది. ఒకే వివాదంలో రెండు పక్షాలూ ఎదుటివారిని చూసి తమ సరిహద్దులను బిగించుకున్నాయని చెప్పడమే చరిత్రకు దగ్గరగా ఉంటుంది.

తెలుగు బైబిలుకు 66 ఎలా స్థిరపడింది

మన ప్రాంతానికి వచ్చేసరికి సిద్ధాంత చర్చ కంటే అచ్చు ఖర్చు ఎవరు పెట్టారన్నదే ఎక్కువ పని చేసింది. పద్దెనిమిదో శతాబ్దపు తొలి భాగంలో లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగులోకి అనువదించినా అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వారిలో అగస్టస్ డెస్ గ్రాంజెస్, క్రైస్తవుడైన ఆనందరాయరు అనే బ్రాహ్మణ పండితుని సాయంతో సువార్తలను తెలుగు చేశాడు. వాటిలో మూడు 1812లో సెరాంపూరులో అచ్చయ్యాయి. సెరాంపూరు మిషనరీల కొత్త నిబంధన 1818లో వచ్చింది. ఆ తర్వాత అనువాదానికి, అచ్చుకు, పంపిణీకి పెద్ద అండ 1804లో లండన్‌లో ఏర్పడిన బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీది, 1820లో ఏర్పడిన దాని మద్రాసు శాఖది.

ఇక్కడే 1820ల నాటి ఒక వివాదాన్ని గుర్తు చేసుకోవాలి. ఐరోపాలో కతోలికులు, లూథరన్లు వాడే బైబిళ్లను ఆ గ్రంథాలతో సహా అచ్చువేయడానికి సొసైటీ నిధులు ఖర్చుపెట్టవచ్చా అన్న దాని మీద, ముఖ్యంగా స్కాట్లాండ్ శాఖల నుంచి, తీవ్రమైన అభ్యంతరం లేచింది. అలాంటి బైబిళ్లకు సొసైటీ సొమ్ము వెచ్చించకూడదని 1826లో నిర్ణయమైంది. తెలుగు బైబిలు సంపూర్ణ రూపం దిద్దుకున్నది ఆ నిర్ణయం తర్వాతే. కాబట్టి సికింద్రాబాద్ బైబిల్ హౌస్‌లో తరతరాలుగా కొనుక్కున్న నల్ల అట్ట పరిశుద్ధ గ్రంథంలో ఆ విభాగం విడిగానైనా కనిపించదు. లూథరు అనుబంధంగా ఉంచిన పుస్తకాలను తెలుగు లూథరన్ పాఠకుడు విషయసూచికలో పేరుగా కూడా చూడకపోవడానికి కారణం పదహారో శతాబ్దపు జర్మనీ కాదు, పంతొమ్మిదో శతాబ్దపు లండన్. తెలుగు కతోలికులకు అన్ని గ్రంథాలూ ఉన్న తమ అనువాదం తర్వాతి కాలంలో వేరుగా వచ్చింది.

రెండు పక్షాల వాదనల బలం

ప్రొటెస్టంట్ వాదనకు ప్రధాన ఆధారం యూదుల జాబితా. పాత నిబంధన యూదులకు అప్పగించిన గ్రంథం కనుక వారు అంగీకరించినదే ప్రమాణమనీ, మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫసు 22 గ్రంథాలనే (యూదుల 24లో కొన్నింటిని కలిపి లెక్కించాడని భావిస్తారు) లెక్కించాడనీ, కొత్త నిబంధన రచయితలు ఈ ఏడింటిలో దేన్నీ "అని వ్రాయబడియున్నది" అంటూ ఉదహరించలేదనీ వారు చూపుతారు. మక్కబీయుల మొదటి గ్రంథమే తన కాలంలో ప్రవక్తలు లేరని ఒప్పుకుంటోందనీ, రెండో గ్రంథ రచయిత తన కూర్పులో లోపాలుంటే తన శక్తి అంతేనని చివర మనవి చేసుకున్నాడనీ గుర్తుచేస్తారు.

కతోలిక వాదన సంఘ వాడుక మీద నిలుస్తుంది. కొత్త నిబంధనలోని ఉదాహరణల్లో అత్యధికం గ్రీకు అనువాదాన్నే అనుసరిస్తాయి కనుక అపొస్తలుల చేతిలో ఉన్న సంపుటం అదేనని వారి వాదన. నేరుగా ఉదహరించకపోవడమే కొలత అయితే ఎస్తేరు, పరమగీతం, ప్రసంగి కూడా ఆ కొలతకు నిలవవు. హెబ్రీయులకు రాసిన పత్రిక 11:35లో పునరుత్థానం కోసం హింసను భరించినవారి ప్రస్తావన మక్కబీయుల రెండో గ్రంథం ఏడో అధ్యాయంలోని తల్లి, ఏడుగురు కొడుకుల కథను గుర్తుచేస్తుందన్న విషయంలో ప్రొటెస్టంట్ వ్యాఖ్యాతలు కూడా చాలామంది ఏకీభవిస్తారు. దానికి ఎదురు జవాబూ ఉంది: యూదా పత్రిక హనోకు పేరు చెప్పి మరీ హనోకు గ్రంథంలోని మాటను ఉదహరిస్తుంది, అయినా ఆ గ్రంథాన్ని కతోలికులు ప్రామాణికంగా తీసుకోరు, ఇథియోపియా సంఘం మాత్రం తీసుకుంటుంది.

ఇరవయ్యో శతాబ్దపు తవ్వకాలు ఈ చర్చను కొంత మార్చాయి. 1947 నుంచి మృతసముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో బయటపడిన చుట్టల్లో తోబితు ముక్కలు అరమాయికు, హీబ్రూ భాషల్లో దొరికాయి. సీరా జ్ఞానగ్రంథపు హీబ్రూ పాఠం అంతకుముందే కైరోలో వెలుగు చూసింది. వీటితో "ఇవి గ్రీకు పుస్తకాలు" అన్న పాత ఆక్షేపణ బలం తగ్గింది. కానీ అవే గుహల్లో హనోకు, యోబేలుల గ్రంథం వంటివి కూడా ఉన్నాయి. కాబట్టి అక్కడ దొరికినంత మాత్రాన ఒక గ్రంథాన్ని ఆనాటి యూదులు లేఖనంగా ఎంచారని రుజువు కాదు.

ఇరుపక్షాలూ ఎదుటివారి మీద ప్రయోగించే ప్రకటన 22:18, 19 వచనాలు ఈ తగువులో పనికిరావు. కలపకూడదు, తీసివేయకూడదు అన్న ఆ హెచ్చరిక "ఈ గ్రంథమందున్న ప్రవచన వాక్యములను" గురించినది, అంటే ప్రకటన గ్రంథం గురించి. అలాంటి ఆజ్ఞే ద్వితీయోపదేశకాండం 4:2లోనూ ఉంది. దాన్ని గ్రంథాల జాబితాకు వర్తింపజేస్తే యెహోషువ నుంచి మలాకీ దాకా దేనికీ చోటుండదు.

జాబితాల తేడా ఆచారంలో ఎక్కువగా బయటపడేది మృతుల స్మరణ దినమైన నవంబర్ 2న. నారాయణగూడ శ్మశానవాటికలో ఆ రోజు కుటుంబాలు సమాధులు కడిగి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. కతోలిక గురువు మృతుల ఆత్మశాంతి కోసం ప్రార్థిస్తారు. మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయంలో చనిపోయిన సైనికుల పాపపరిహారం కోసం యూదుల సేనాని యూదా మక్కబీయుడు బలి అర్పింపజేసిన ఘట్టం ఆ ఆచారానికి లేఖనాధారం. పక్క సమాధి దగ్గర నిలబడిన ప్రొటెస్టంట్ పాస్టర్ మృతుని జీవితం కోసం దేవుణ్ని స్తుతించి, మిగిలినవారి ఆదరణ కోసం ప్రార్థిస్తారు. పూలు, కొవ్వొత్తులు ఒకటే, ప్రార్థన వేరు.

వచనాలు ఎందుకు కనిపించవు

ఈ ప్రశ్నకు గ్రంథాల జాబితాతో సంబంధం లేదు. కొత్త నిబంధన 27 గ్రంథాల విషయంలో కతోలికులకూ ప్రొటెస్టంట్లకూ భేదం లేదు. ఇక్కడి చిక్కు అచ్చు యంత్రానికి ముందు పధ్నాలుగు శతాబ్దాల పాటు చేతితో జరిగిన నకళ్లలో ఉంది. గ్రీకు కొత్త నిబంధనకు ఐదు వేలకు పైగా రాతప్రతులు, ముక్కలు మిగిలాయి. ఏ రెండు పెద్ద ప్రతులూ అక్షరం అక్షరం ఒకేలా ఉండవు. తేడాల్లో ఎక్కువ భాగం వర్ణక్రమం, పదాల వరుస వంటివి. కొన్ని చోట్ల మాత్రం లేఖకుడు ఒక సువార్త రాస్తూ మరో సువార్తలో తనకు కంఠతా వచ్చిన మాటను ఇక్కడ కూడా చేర్చేశాడు. మనుష్యకుమారుడు నశించినదాన్ని రక్షించడానికి వచ్చాడన్న మత్తయి 18:11 పాత ప్రతుల్లో లేదు. దాదాపు అదే మాట లూకా 19:10లో ఏ అనుమానం లేకుండా ఉంది. మార్కు 9:44, 46 వచనాలు 48వ వచనానికి పునరుక్తులు. ఇలాంటివాటిలో వచనం స్థానం మారుతుంది తప్ప బైబిలు నుంచి మాట పోవడం లేదు.

అచ్చై ప్రచురణకు వచ్చిన తొలి గ్రీకు కొత్త నిబంధన పాఠం 1516లో డచ్ పండితుడు ఎరాస్మసు వెలువరించినది. ఆయనకు అందుబాటులో ఉన్నవి కొద్ది ప్రతులే, అవీ ఎక్కువగా మధ్యయుగాలవి. పారిస్ ముద్రాపకుడు రోబేర్ ఎస్తియెన్ 1551లో ఆ పాఠ సంప్రదాయానికే వచన సంఖ్యలు వేశాడు, నేడు ప్రపంచమంతా వాడేది అవే. నాలుగో శతాబ్దపు సినాయి ప్రతిని జర్మన్ పండితుడు టిషెండార్ఫ్ పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో సెయింట్ కేథరీన్ మఠం నుంచి వెలుగులోకి తెచ్చాడు. అదే కాలానికి చెందిన వాటికను ప్రతి పండితులకు సక్రమంగా అందుబాటులోకి వచ్చినదీ ఆ శతాబ్దంలోనే. సంఖ్యలు పడిన వచనాల్లో కొన్ని ఈ పాత ప్రతుల్లో లేవు. వీధిలో ఇళ్లన్నిటికీ నంబర్లు పడ్డాక మధ్యలో ఒక కట్టడం తర్వాత కట్టినదని తేలితే మిగతా ఇళ్ల నంబర్లు మార్చరు కదా. అనువాదకులు చేసిందీ అంతే. సంఖ్యను వదిలేసి, వాక్యాన్ని పుట అడుగున సూచికలో పెట్టారు.

అన్ని వచనాలదీ ఒకే బలం కాదు. 1 యోహాను 5:7లో కింగ్ జేమ్స్ పాఠకులకు తెలిసిన "తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ" అనే పరలోక సాక్షుల మాట లాటిన్ సంప్రదాయం నుంచి వచ్చింది. ఎరాస్మసు మొదటి రెండు ముద్రణల్లో అది లేదు, 1522 నాటి మూడో ముద్రణలో చేరింది. త్రిత్వం గురించి నాలుగో శతాబ్దంలో అంత పెద్ద వివాదం నడిచినా గ్రీకు సంఘపితరులు ఈ మాటను వాడుకోలేదంటే వారి ప్రతుల్లో అది లేనట్టే. తెలుగు సంఘాలకు అలవాటైన పాత అనువాదంలో కూడా ఆ మాటలు లేవు. అక్కడ కనిపించేది ఆత్మ, నీళ్లు, రక్తం అనే ముగ్గురు సాక్షులే. అందువల్ల "కొత్త అనువాదాలు తీసేశాయి" అనే ఫిర్యాదు ఈ వచనం విషయంలో ఆంగ్లం నుంచి అరువు తెచ్చుకున్నది. తెలుగు పాఠకుడికి అలవాటైన అనువాదంలో అది లేదు.

అపొస్తలుల కార్యములు 8:37 సంగతి ఇంత తేలిక కాదు. బాప్తిస్మానికి ముందు ఐతియోపీయుడు చేసిన విశ్వాస ప్రకటన అది. అత్యంత పురాతన గ్రీకు ప్రతుల్లో లేకపోయినా, రెండో శతాబ్దానికి చెందిన సంఘపితరుడు ఐరేనియసుకు ఆ మాటలు తెలుసు. తొలి సంఘాల బాప్తిస్మ క్రమంలోని ప్రశ్నోత్తరం పాఠంలోకి వచ్చి ఉంటుందన్నది ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

మార్కు చివరి పన్నెండు వచనాలు

అసలు బరువైన ప్రశ్న మార్కు 16:9-20 గురించినది. వాటికను, సినాయి ప్రతుల్లో మార్కు సువార్త, స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న ఎనిమిదో వచనంతో ముగుస్తుంది. తర్వాతి పన్నెండు వచనాల శైలి వేరుగా ఉందని గ్రీకు తెలిసినవారు చెబుతారు. అయినా ఐరేనియసు 19వ వచనాన్ని మార్కు పేరుతోనే ఉదహరించాడు కనుక ఆ ముగింపు రెండో శతాబ్దం నాటికే వాడుకలో ఉంది. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, అంటే యోహాను 7:53 నుంచి 8:11 వరకు, దాదాపు ఇలాంటిదే.

హైదరాబాద్‌లోని స్వస్థత కూటాల్లో మార్కు 16:17, 18 ఎంత తరచుగా వినిపిస్తాయో తెలిసినవారికి ఈ ప్రశ్న ఎందుకు బరువైనదో అర్థమవుతుంది. రోగుల మీద చేతులుంచడం, కొత్త భాషలు మాట్లాడడం గురించిన వాగ్దానం అక్కడుంది. ఆ పన్నెండు వచనాలను పక్కన పెట్టినా యాకోబు 5:14 రోగుల కోసం ప్రార్థించమంటుంది, భాషల గురించి అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం, 1 కొరింథీయులు 12 నుంచి 14 అధ్యాయాలు మాట్లాడతాయి. అలాగే 1 యోహాను 5:7లోని మాట లేకపోయినా త్రిత్వానికి మత్తయి 28:19 ఉంది. పాములను ఎత్తిపట్టుకోవడం, మరణకరమైనది తాగినా హాని కలగకపోవడం అన్న మాటకు మాత్రం ఇంకెక్కడా అంత స్పష్టమైన ఆధారం లేదు. మెలితే (మాల్టా) ద్వీపంలో పౌలును పాము కరిచిన సంఘటన ఉన్నా అది వాగ్దానం కాదు. కాబట్టి "ఏ సిద్ధాంతమూ చెడదు" అనే సాధారణ సమాధానం మొత్తంమీద నిజమే అయినా, ఈ ఒక్క చోట దాన్ని జాగ్రత్తగా చెప్పాలి.

కతోలిక బోధకులు ఇక్కడ మరో తేడా చూపుతారు. ఒక భాగాన్ని ఎవరు రాశారన్నది ఒక ప్రశ్న, అది లేఖనమా కాదా అన్నది వేరే ప్రశ్న. గ్రంథాలను వాటి భాగాలన్నిటితో సహా స్వీకరించాలని ట్రెంటు చెప్పింది కనుక ఆ ముగింపు మార్కు కలం నుంచి రాకపోయినా వారికి అది లేఖనమే. ప్రొటెస్టంట్లలో కొందరు తొలి రచయిత రాసిన పాఠమే దైవప్రేరితమంటూ ఆ భాగంపై ప్రసంగించరు, మరికొందరు సంఘం తరతరాలుగా చదివినది కనుక వదులుకోరు.

ఇక ముందు

తేడాలు తగ్గే మార్గం ఒకటి 1968 నుంచే ఉంది. ఆ ఏడాది యునైటెడ్ బైబిల్ సొసైటీలు, వాటికన్‌లోని క్రైస్తవ ఐక్యతా కార్యాలయం కలిసి ఉమ్మడి అనువాదాలకు సూత్రాలు ఏర్పరచాయి, 1987లో వాటిని సవరించాయి. వివాదాస్పద గ్రంథాలను రెండు నిబంధనల మధ్య విడి విభాగంగా ఉంచడం వాటిలో ఒకటి. అంటే 1534లో లూథరు ఉంచిన చోటే.

ఫోన్ తెర మాత్రం ఎదురు దిశలో పనిచేస్తోంది. అచ్చు పుస్తకంలో పుట అడుగున చిన్న అక్షరాల్లో ఉండే "కొన్ని ప్రాచీన ప్రతులలో ఈ మాటలు లేవు" అన్న సూచిక చాలా యాప్‌లలో వేలితో నొక్కితే తప్ప కనబడదు, కొన్నింటిలో అసలే ఉండదు. సూచిక లేకుండా సంఖ్యను మాత్రమే చూసిన పాఠకుడికి అక్కడ ఖాళీ కనిపిస్తుంది, ఆ ఖాళీకి కారణం కనిపించదు. ఆదివారపు బడిలో పిల్లలకు అపొస్తలుల కార్యములు నేర్పించే ఉపాధ్యాయులు 8వ అధ్యాయానికి వచ్చినప్పుడు సూచికలున్న అచ్చు ప్రతిని ఒకటి వెంట తెచ్చుకుంటే ఆ ప్రశ్నకు అక్కడే జవాబు దొరుకుతుంది.